బిరడా ఒక చుట్టు దించడం



ఈ పూట మన ప్రసంగానికి ఒక ఇంగ్లీషు జాతీయం ఆధారం. మన పావగడ, మడకశిర, హిందూపురం, పెనుకొండ ప్రాంతాల్లో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో కన్నడమో తెలుగో చదువుతారు. ఆ రెండింటి మీద ఇంగ్లీషు నేర్చుకుంటారు. ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం చివర జాతీయాల పట్టిక ఉంటుంది. పిల్లలు దాన్ని కంఠస్థం చేస్తారు, పరీక్షలో రాస్తారు, సెలవుల్లో మరిచిపోతారు. అలా మరిచిపోయే మాటల్లో ఒకటి "టేక్ డౌన్ ఎ పెగ్". ఒకరిని ఒక పెగ్గు కిందికి దించడం అని దాని అక్షరార్థం. విర్రవీగేవాడి గర్వం కొంత అణచడం, వాడి స్థానమేమిటో వాడికి తెలిసేలా చేయడం అని దాని భావం. ఒక్క పెగ్గు చాలదనుకుంటే "ఎ పెగ్ ఆర్ టు", అంటే ఒకటి రెండు పెగ్గులు దించాలి అని కూడా అంటారు.

పెగ్గు అనగానే మనలో కొందరికి సారాయి అంగడి గుర్తుకు రావచ్చు. ఆ పెగ్గుకూ ఈ జాతీయానికీ సంబంధం ఉందని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు మన ఇంటి మాటలు చూసుకుందాం.

గర్వాన్ని గురించి మన సరిహద్దు ప్రాంతంలో మాటలకు కొదవ లేదు. తెలుగులో "వాడికి కొవ్వెక్కింది" అంటాం. కన్నడంలో అదే మాట "కొబ్బు". వంటింట్లో కొవ్వు రెండు భాషల్లోనూ కొవ్వే, మనిషి తలకెక్కిన కొవ్వు కూడా రెండు భాషల్లోనూ కొవ్వే. మనం "జంబాలు కొడుతున్నాడు" అంటే కన్నడం వాళ్ళు "జంబ" అంటారు. "పొగరు" రెండు చోట్లా వినిపిస్తుంది. కన్నడంలో "సొక్కు" అంటే గర్వం. తెలుగులో సొక్కు అంటే మత్తు, పరవశం. గర్వం కూడా ఒక మత్తేనని ఆ రెండు భాషలూ కలిసి మనకు చెబుతున్నట్లు లేదూ? ఇక "కళ్ళు నెత్తికెక్కాయి" అనే మాట ఉండనే ఉంది. కళ్ళు నెత్తి మీదికి పోతే ఎదుటి మనిషి కనపడడు, కాళ్ళ కింద నేల అసలే కనపడదు.

ఈ మాటలన్నీ జబ్బు పేర్లు. మందు పేర్లు కూడా మనకున్నాయి. తిక్క కుదర్చడం, మెడలు వంచడం, కొమ్ములు విరవడం, కొవ్వు కరిగించడం, ముక్కుకు తాడు వేయడం. వీటిని ఒక్కసారి వరసగా చెప్పుకుని చూడండి. ఒకటి వంచుతుంది, ఒకటి విరుస్తుంది, ఒకటి కరిగిస్తుంది, ఒకటి కట్టేస్తుంది. చాలా వరకు పశువుల కొట్టంలోంచి వచ్చిన మాటలు ఇవి. సేద్యం చేసుకునే ప్రజల నోట అవి రావడం సహజం. ఇంగ్లీషు జాతీయం మాత్రం విరవమనీ కరిగించమనీ చెప్పదు. ఒక మెట్టు దించమంటుంది, అంతే. ఆ మెట్టు దేనిది? ఆ పెగ్గు ఏ వస్తువుకున్నది?

ఇంగ్లీషులో పెగ్ అంటే చిన్న కొయ్య ముక్క. గోడకు కొట్టి చొక్కా తగిలించుకుంటే అది చిలక్కొయ్య. నేలలో పాతి దూడను కట్టేస్తే అది గూటం. డేరా తాళ్ళు కట్టేది మేకు. వీణకో తంబురాకో బిగిస్తే అది బిరడా. మనకు ఇన్ని పేర్లున్న చోట వాళ్ళకు ఒకటే మాట. అందుకే ఈ జాతీయం ఎక్కడిదనే విషయంలో పండితులకు కూడా తలా ఒక ఊహ కుదిరింది. ముఖ్యంగా మూడు ఊహలు చెబుతారు.

మొదటి ఊహ ఓడలది. పూర్వం ఓడ మీద జెండాను కొయ్యల సాయంతో ఎత్తేవారని, ఎంత పై కొయ్యకు కడితే అంత గౌరవమని, ఒక కొయ్య కిందికి దించితే గౌరవం అంత తగ్గినట్లేనని చెబుతారు. 1870లో ఇంగ్లండులో బ్రూవర్ అనే ఆయన జాతీయాల, పురాణ విశేషాల నిఘంటువు ఒకటి వెలువరించారు. ఈ వివరణ అందులో ఉంది. అక్కడి నుంచి ఎందరో దీన్ని తీసుకుని రాశారు. జెండా దించడం లొంగుబాటుకు గుర్తు అనే మాట నిజమే. అయితే జెండా కొయ్యల లెక్కనుంచే ఈ జాతీయం పుట్టిందనడానికి పాత కాలపు దాఖలా ఏదీ చూపలేదు. వినడానికి ఇంపుగా ఉంది కాబట్టి నిలిచిన కథ ఇది.

రెండో ఊహ తాగే పాత్రలది. పదో శతాబ్దంలో ఇంగ్లండును ఎడ్గర్ అనే రాజు పాలించాడు. 959 నుంచి 975 వరకు ఆయన ఏలుబడి. విందుల్లో అందరూ ఒకే పెద్ద పాత్రలోంచి వంతుల వారీగా తాగేవారు. ఎవరు ఎక్కువ తాగారు, ఎవరు తక్కువ తాగారు అని తగాదాలు వచ్చేవి. అందుకని పాత్ర లోపల వరసగా చిన్న కొయ్యలు బిగించి, ఎవరి వంతు ఏ కొయ్య వరకో గుర్తు పెట్టాలని రాజు ఆజ్ఞాపించాడట. డన్‌స్టన్ అనే మతగురువు ఆయనకు ఆ సలహా ఇచ్చాడంటారు. పన్నెండో శతాబ్దపు చరిత్రకారుడు మాల్మ్స్‌బరీ విలియం ఈ సంగతి రాశాడు. ఎవరైనా ఆశకొద్దీ తన కొయ్య దాటి తాగితే, తర్వాతివాడి వంతు ఒక కొయ్య కిందికి దిగిపోతుంది. అదే ఈ జాతీయానికి మూలమని కొందరి వాదం.

ఈ కథలో మనకు పనికొచ్చే చమత్కారం ఒకటుంది. తగాదాలు ఆపడానికి పెట్టిన కొయ్యలు పోటీకి దారి తీశాయి. చివరికి మతాచార్యులు ఇలా కొయ్యల లెక్కన తాగకూడదని 1102లో లండన్‌లో జరిగిన చర్చి సభ కట్టడి చేయాల్సి వచ్చింది. కొలత పెడితే చాలదు, ఆ కొలతను పాటించే మనసు కూడా ఉండాలన్న మాట. అయితే ఎడ్గర్ కాలానికీ, ఈ జాతీయం అచ్చులో కనిపించిన కాలానికీ మధ్య ఆరు వందల ఏళ్ళ ఎడం ఉంది. అంత ఎడాన్ని ఒక్క కథతో పూడ్చడం కష్టం.

మూడో ఊహ సంగీతానిది. వీణకు ఏడు తంత్రులు, ఏడు బిరడాలు. తంబురాకు నాలుగు తంత్రులు, నాలుగు బిరడాలు. బిరడాను ఒక వైపు తిప్పితే తంత్రి బిగుస్తుంది, స్వరం పైకి పోతుంది. రెండో వైపు తిప్పితే సడలుతుంది, స్వరం కిందికి దిగుతుంది. యూరపులోనూ ల్యూట్, వయొలిన్ మొదలైన వాద్యాలకు ఇలాంటి బిరడాలే. వాటినే పెగ్‌లు అంటారు. అవసరానికి మించి పైకి పోయిన తంత్రిని బిరడా తిప్పి దించినట్లు, అవసరానికి మించి పైకి పోయిన మనిషిని దించడం. ఈ మూడు ఊహల్లో ఏది మూలమని ఎవరూ తీర్పు చెప్పి ముగించలేదు. అయినా మన చెవికి ఈ మూడోదే దగ్గరగా ఉంది. ఎందుకంటే మనకూ అదే జాతీయం ఉంది. హద్దు మీరినవాణ్ణి చూసి మనం "శ్రుతి మించాడు" అంటాం. ఇంకా మీరితే "శ్రుతి మించి రాగాన పడింది" అంటాం. సముద్రాలకు అవతల ఉన్నవాళ్ళూ మనమూ ఒకరినొకరం అడగకుండానే ఒకే వాద్యం ముందు కూర్చున్నట్లయింది.

ఇప్పుడు ఈ మాటను మొదట ఎవరు ఎవరిని అన్నారో చూద్దాం. నా ఉద్దేశంలో అసలు విషయం ఇక్కడే ఉంది.

నిఘంటుకారులు చూపించే తొలి అచ్చు ఆధారం 1589 నాటి ఒక కరపత్రం. అప్పట్లో ఇంగ్లండును మొదటి ఎలిజబెత్ రాణి ఏలుతోంది. దేశపు చర్చిలో బిషప్పులు అంటే పెద్ద మతాధికారులు. వాళ్ళ అధికారాన్నీ ఆడంబరాన్నీ ఎగతాళి చేస్తూ 1588, 1589 సంవత్సరాల్లో రహస్యంగా కరపత్రాలు వెలువడ్డాయి. రాసినవారి పేరు స్థానంలో మార్టిన్ మార్‌ప్రెలేట్ అనే మారుపేరు ఉండేది. వాటికి జవాబుగా బిషప్పుల పక్షం నుంచి కూడా కరపత్రాలు వచ్చాయి. జాన్ లిలీ అనే రచయిత రాశాడని చెప్పే అలాంటి ఒక జవాబులో, ఈ మతం పేరిట అరిచేవాళ్ళను నేనే ఒక పెగ్గు కిందికి దించాలి అనే అర్థం వచ్చే మాట ఉంది.

ఎవరు ఎవరిని దించుతామంటున్నారో గమనించండి. అధికారంలో ఉన్నవారి తరఫు మనిషి, అధికారాన్ని ప్రశ్నించినవాళ్ళను దించుతానంటున్నాడు. మార్‌ప్రెలేట్ వర్గం కరపత్రాల భాష కూడా మెత్తనిదేమీ కాదు, అదీ పొగరు నిండిన భాషే. అయినా ఒక పక్కన అచ్చుయంత్రాన్ని బండిలో దాచుకుని ఊరూరా తిప్పుకునేవాళ్ళు, మరో పక్కన రాజ్యం, చెరసాల, ఉరికొయ్య. ఆ కరపత్రాలతో సంబంధం ఉందని అనుమానించిన జాన్ పెన్రీ అనే మతబోధకుణ్ణి 1593లో రాజద్రోహం కింద ఉరి తీశారు. ఒక పెగ్గు కిందికి దించుతామని మొదలైన మాట ఎంత దూరం పోయిందో చూడండి.

ఆ తర్వాత పదిహేనేళ్ళకు షేక్‌స్పియర్ నాటకం "ఒథెల్లో" వచ్చింది. 1604లో రాజాస్థానంలో ప్రదర్శించినట్లు దాఖలా ఉంది. అందులో ఒథెల్లో గొప్ప సేనాని. అతని భార్య డెస్డిమోనా. తుఫాను దాటి ఇద్దరూ సైప్రస్ దీవిలో కలుసుకుని సంతోషంగా మాట్లాడుకుంటూ ఉంటారు. పక్కనే నిలబడిన ఇయాగో దాన్ని చూసి ఓర్వలేకపోతాడు. మీ వాద్యం ఇప్పుడు చక్కగా శ్రుతిలో ఉంది, ఈ సంగీతం పలికించే బిరడాలను నేను సడలిస్తాను చూడండి అనే భావంతో తనలో తాను అనుకుంటాడు. చివరికి అన్నంత పనీ చేస్తాడు. ఆ ఇంట్లో ఇద్దరి ప్రాణాలూ పోతాయి.

ఇక్కడ శ్రుతి మించినవాళ్ళెవరూ లేరు. తంత్రులన్నీ సరిగ్గానే పలుకుతున్నాయి. ఒకడి చెవికి ఇంకొకరి సంగీతం గిట్టలేదు, అంతే. బిరడా తిప్పే చెయ్యి ఒకటే. తిప్పే పని కూడా ఒకటే. గర్వం అణచడమూ అలాగే కనిపిస్తుంది, అసూయ తీర్చుకోవడమూ అలాగే కనిపిస్తుంది. ఈ తేడా తెలియకుండా ఈ జాతీయాన్ని కంఠస్థం చేస్తే పరీక్షలో మార్కులు వస్తాయి కానీ, ఊళ్ళో మనుషుల మధ్య మెలగడానికి అది సాయపడదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. పావగడకు తూర్పున పెనుకొండ. కృష్ణదేవరాయల పేరుతోనూ, తెనాలి రామకృష్ణుడి కథలతోనూ ముడిపడిన కొండ అది. ఆ కథల్లో ఒకటి మీ అందరికీ తెలుసు. దేశాలన్నీ గెలిచి వచ్చిన ఒక మహా పండితుడు రాయల సభను సవాలు చేశాడు. ఆస్థాన పండితులు భయపడ్డారు. రామకృష్ణుడు పట్టుబట్టలో చుట్టిన ఒక కట్టను చేతబట్టుకుని వచ్చి, "తిలకాష్ఠ మహిష బంధనం" అనే గ్రంథం మీద వాదిద్దాం రమ్మన్నాడు. ఆ పేరే విననందుకు పండితుడు కంగారుపడి, ఒక రాత్రి గడువు అడిగి, తెల్లవారక ముందే ఊరు విడిచిపోయాడు. తర్వాత కట్ట విప్పి చూస్తే ఏముంది? ఎండిన నువ్వు కట్టెలు, వాటిని కట్టిన గేదె పలుపు. తిలకాష్ఠం అంటే నువ్వు కట్టె, మహిష బంధనం అంటే గేదెను కట్టే తాడు. సేద్యగాడి ఇంటి పెరట్లో దొరికే రెండు వస్తువులతో మహా పండితుడి గర్వం దిగిపోయింది.

ఈ కథ చరిత్ర కాదు, జనం చెప్పుకునే కథ. అయినా ఇందులో మర్యాద చూడండి. పండితుడి విద్య విద్యగానే ఉంది. ఒంటి మీద దెబ్బ పడలేదు. నాకు తెలియనిది లోకంలో లేదు అనే బిగువు మాత్రం సడలింది. తెలియదు అని ఒక్క మాట అని ఉంటే ఆ పండితుడికి పరుగెత్తే అవసరమే లేకపోయేది. బిరడా ఒక చుట్టు దించడమంటే ఇదీ.

రెండో కథ పావగడ ఊళ్ళోనే వింటాం. శనిమహాత్ముడి గుడికి శనివారం శనివారం, అందులోనూ శ్రావణ శనివారాల్లో, కర్ణాటక నుంచీ ఆంధ్ర నుంచీ జనం ఎలా వస్తారో మీకు నేను చెప్పనక్కర లేదు. శని సూర్యుడి కొడుకని పురాణం. తండ్రి వెలుగుతో కరెంటు తీసే పెద్ద సోలార్ పార్కు 2018లో మన తిరుమణి వైపు మొదలైంది. కొడుకు గుడి మాత్రం దానికి ఎంతో ముందు నుంచే ఈ ఊరి పేరును దూర దూరాలకు తీసుకుపోయింది.

శనిమహాత్మె కథ చెప్పేవాళ్ళు విక్రమ మహారాజు సభతో మొదలుపెడతారు. నవగ్రహాల్లో ఎవరు గొప్ప అని పండితులు చర్చిస్తూ ఉంటే, రాజు శనిని తక్కువ చేసి నవ్వాడు. అది శని విన్నాడు. ఏడున్నరేళ్ళ దశ మొదలైంది. గుర్రాల వర్తకుడి వేషంలో శని తెచ్చిన గుర్రాన్ని రాజు ఎక్కాడు. అది ఆయన్ను ఎక్కడో అడవిలో పడేసింది. పొగరుగా ప్రవర్తించేవాణ్ణి ఇంగ్లీషులో "నీ ఎత్తైన గుర్రం దిగు" అంటారు. విక్రముడు నిజంగానే గుర్రం నుంచి దిగిపోయాడు. తర్వాత ఒక వర్తకుడి ఇంట్లో కొయ్యకు తగిలించిన హారం మాయమైంది. గోడ మీది బొమ్మలోని పక్షి మింగిందని కొందరు చెబుతారు, ఆ కొయ్యే మింగిందని కొందరు చెబుతారు. చూశారా, ఈ కథలోనూ ఒక కొయ్య ఉంది. దొంగతనం నేరం రాజు మీద పడింది. కాళ్ళూ చేతులూ నరికారు. అలా పడి ఉన్న ఆయన్ను ఒక గానుగవాడు ఇంటికి తీసుకుపోయి, గానుగ మీద కూర్చోబెట్టి ఎద్దును అదిలించే పని ఇచ్చాడు. కూర్చున్న చోట విక్రముడు దీపక రాగం పాడితే ఊళ్ళో దీపాలు వెలిగాయని కథ. చివరికి దశ ముగిసింది. శని ప్రత్యక్షమై కాళ్ళూ చేతులూ తిరిగి ఇచ్చి వరం కోరుకోమన్నాడు.

అప్పుడు విక్రముడు ఏం కోరాడు? రాజ్యం కోరలేదు. నన్ను పెట్టిన బాధ ఇంకెవరినీ పెట్టవద్దు అని కోరాడు.

ఈ వరం మీద శ్రోతలు కాస్త మనసు పెట్టాలి. ఈ కథను మనం ఎక్కువగా భయం కోసమే చెబుతాం. శనిని నవ్వకూడదు, నవ్వితే ఏడున్నరేళ్ళు అంటాం. కానీ ఆ వరంలో, తప్పుకు తగినంత శిక్ష కాదిది, తప్పును మించిన శిక్ష అని చెప్పే గొంతు ఉంది. ఒక నవ్వుకు కాళ్ళూ చేతులా? ఆ ప్రశ్న శనిని అడిగినవాడు ఆ బాధ పడినవాడే. గర్వం దిగింది అనడానికి గుర్తు కూడా అదే. తల వంచడమో కాళ్ళ మీద పడడమో కాదు. నేను పడ్డది ఇంకొకరు పడకూడదు అనుకోవడం. ఇంకొక సంగతి. రాజును ఆదుకున్నది ఇంకొక రాజు కాదు. ఒక గానుగవాడు. శనక్కాయ పండించే మన పావగడ తాలూకాలో గానుగ అంటే ఏమిటో, గానుగెద్దు చాకిరీ అంటే ఏమిటో పెద్దలకు తెలుసు. నేల మీద బతికే మనిషే పై నుంచి పడినవాణ్ణి పట్టుకోగలిగాడు.

నేల అన్నాను కాబట్టి ఒక మాట. ఇంగ్లీషులో వినయవంతుణ్ణి "హంబుల్" అంటారు. ఆ మాట లాటిన్‌లో నేల అనే అర్థమున్న "హ్యూమస్" నుంచి వచ్చింది. సేద్యం పుస్తకాల్లో సారవంతమైన మట్టిలోని హ్యూమస్ అని చదువుతామే, అదే మాట. వినయం అంటే నేలను అంటి ఉండడం. నేల మీద ఉన్నవాణ్ణి ఎవరు మాత్రం ఎక్కడికి దించుతారు?

ఇక్కడే అసలు చిక్కు. ఎవరు పైకి పోయారో, ఎవరు నిటారుగా నిలబడ్డారో తేల్చేదెవరు?

"అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట" అనే సామెత తెలుగులో ఉంది. కన్నడంలోనూ అచ్చంగా ఇదే ఉంది. కొత్తగా డబ్బు వచ్చి ఆడంబరం చేసేవాణ్ణి చూసి నవ్వుకునే సామెత ఇది. నవ్వు తప్పు కాదు. కానీ ఈ సామెతలో గొడుగు ఎందుకు వచ్చిందో ఆలోచించారా? ఒకప్పుడు గొడుగు హోదాకు గుర్తు. మన దక్షిణ దేశంలో చాలా చోట్ల కొన్ని కులాలవారు పెద్ద వీధుల్లో చెప్పులు వేసుకుని నడవకూడదు, గొడుగు వేసుకోకూడదు అనే కట్టుబాటు ఉండేది. ఎండకు గొడుగు వేసుకోవడం, ముళ్ళకు చెప్పు తొడుక్కోవడం కూడా పొగరు లెక్కలోకే వచ్చేది. ఆ పొగరు దించడానికి ఊరి పెద్దల చేతిలో బిరడాలు సిద్ధంగా ఉండేవి.

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. దాని వెంట 1955లో వచ్చిన చట్టం, అంటరానితనం పేరిట ఒక మనిషిని నగలు, మంచి బట్టలు ధరించకుండా అడ్డుకోవడం కూడా నేరమని రాసింది. 1976లో ఆ చట్టానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. మంచి చొక్కా తొడుక్కునే హక్కును చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, ఆ చొక్కాను చూసి పొగరు అన్నవాళ్ళు ఎంతమంది ఉండి ఉండాలి!

ఈ రోజుల్లో మన ఊళ్ళల్లో ఇది ఇంకో రూపంలో కనిపిస్తుంది. తుమకూరులోనో అనంతపురంలోనో చదువుకుని వచ్చిన ఒక అమ్మాయి పెద్దల ముందు కుర్చీలో కూర్చుని బదులు చెబితే "దీనికి చదువు తలకెక్కింది" అనే మాట వస్తుంది. కూలి రేటు ఇంత అని అడిగిన మనిషికి "కొవ్వెక్కింది" అనే మాట వస్తుంది. కన్నడం ఆఫీసులో తెలుగు యాసతో మాట్లాడినవాణ్ణి చూసి నవ్వేవాళ్ళున్నారు, తెలుగు ఊళ్ళో కన్నడం యాసతో మాట్లాడినవాణ్ణి చూసి నవ్వేవాళ్ళూ ఉన్నారు. సరిహద్దులో బతికే మనకు రెండు వైపుల నవ్వూ అలవాటే. అలా ఎవరో నవ్వినప్పుడు మనం నెమ్మదిగా గొంతు దించుకుంటాం. అక్కడ దిగింది గర్వం కాదు. శ్రుతిలో ఉన్న తంత్రి సడలింది.

తంత్రి మరీ బిగిస్తే తెగుతుంది. మరీ సడలిస్తే అసలు పలకదు. వీణ ముందు కూర్చున్నవారు బిరడా మీద చెయ్యి వేసే ముందు ఏం చేస్తారో చూడండి. ముందు మీటి వింటారు. ఆధార షడ్జంతో పోల్చి వింటారు. ఎక్కువైతే కొద్దిగా దించుతారు, మళ్ళీ మీటి వింటారు. తక్కువైతే పైకి బిగిస్తారు. బిరడా ఉన్నది దించడానికి మాత్రమే కాదు, ఎత్తడానికి కూడా. మనిషి విషయంలో కూడా మీటి వినడం అనే పని ఒకటుంది. వీడు ఇంకొకరిని తక్కువ చేస్తున్నాడా, లేక తనను తక్కువ చేయనివ్వడం లేదా? మొదటిది గర్వం. రెండోది ఆత్మగౌరవం. గర్విష్ఠి పక్కవాడి కుర్చీ లాగేస్తాడు. ఆత్మగౌరవం ఉన్నవాడు తన కుర్చీలో తాను కూర్చుంటాడు. దూరం నుంచి చూస్తే ఇద్దరూ కుర్చీలో ఉన్నట్లే కనిపిస్తారు.

దాంతో పాటు మన చేతిని కూడా మనం చూసుకోవాలి. నేను దించాలనుకునేవాడు నాకంటే పైవాడా, కిందివాడా? మనకంటే పైన ఉన్నవాడి గర్వాన్ని దించడానికి ధైర్యం కావాలి, రామకృష్ణుడికి ఉన్నట్లు తెలివి కావాలి. కింద ఉన్నవాణ్ణి దించడానికి ఏమీ అక్కర లేదు. ఏమీ అక్కర లేని పని చేస్తున్నప్పుడు మనిషి తనను తాను ఒకసారి అనుమానించుకోవడం మంచిది. అణచాలనుకున్న గర్వం ఎదుటివాడిలో ఉందో, బిరడా పట్టుకున్న మన చేతిలోనే ఉందో అప్పుడు తెలుస్తుంది.

పిల్లలకు ఈ జాతీయం చెప్పే ఉపాధ్యాయులకు ఒక మనవి. అర్థం రాయించేటప్పుడు "గర్వం అణచుట" అని ఒక్క ముక్కతో వదిలేయకండి. ఈ మాట వాడినవాడు ఎదుటివాడు గర్విష్ఠి అని ముందే తీర్పు చెప్పేశాడని, ఆ తీర్పు సరైనదో కాదో వినేవాడు చూసుకోవాలని కూడా చెప్పండి. ఆటల పోటీలో పోయిన ఏడాది గెలిచి విర్రవీగిన జట్టు ఈసారి ఓడిపోతే ఈ జాతీయం చక్కగా అతుకుతుంది. ప్రశ్న అడిగిన విద్యార్థిని కూర్చోబెట్టడానికి వాడితే అతకదు. అది 1589 నాటి కరపత్రం దారి.

తంబురా పట్టుకుని తత్వాలు పాడేవాళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఈసారి అలా ఎవరైనా కనిపిస్తే, పాట మొదలుపెట్టే ముందు ఆ బిరడాల మీద వారి వేళ్ళు ఎంత నెమ్మదిగా తిరుగుతాయో గమనించండి. వేళ్ళ కంటే ముందు చెవి పని చేస్తూ ఉంటుంది.